ఫారెస్టు వేరు, జంగిల్ వేరు... మరి అడవి?

2025 ఏప్రిల్ మొదటి వారం. ఆఫీసు క్యాంటీన్లో లంచ్ టేబుల్ దగ్గర పెద్ద గొడవ. టాపిక్ ఏంటో మీకు చెప్పక్కర్లేదు... కంచ గచ్చిబౌలి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. మార్చి 30న బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేయమంది. మధ్యలో ఆ నాలుగు రోజులూ మా టీమ్‌లో ఒక్కడు కూడా పని చేసినట్టు నాకు గుర్తు లేదు :)

మా లీడ్ అన్నాడు, "అది ఫారెస్టు కాదు బాస్, ఉత్త జంగిల్. రికార్డుల్లో ఎక్కడా ఫారెస్టని లేదు."

కొత్తగా చేరిన అమ్మాయి ఊరుకోలేదు. "చెట్లున్నాయి, జింకలున్నాయి, నెమళ్ళున్నాయి. ఫారెస్టు అనడానికి ఇంకేం కావాలండీ?"

మూడోవాడు పెరుగన్నం కలుపుకుంటూ తేల్చేశాడు. "అసలు రెండిటికీ తేడా ఏంట్రా బాబూ, తెలుగులో రెండూ అడవే కదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. ఎందుకంటే ఆ తేడా తెలియక నేను ఒకసారి ఒక పెద్దమనిషికి తీరని నష్టం చేశాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామని కూర్చున్నాను. నేను భాషావేత్తని కాదు, లాయర్ని అసలే కాదు. జావా కోడు రాసుకుని బతికే మామూలు ఉద్యోగిని. ఎక్కడైనా పొరబడితే దిద్దండి.

ముందు ఆ రెండు మాటల సంగతి చూద్దాం.

మామూలు వాడుకలో ఫారెస్టు, జంగిల్ రెండూ చాలా దూరం కలిసే నడుస్తాయి. "పాపికొండల దగ్గర ఫారెస్టు బాగుంటుంది" అన్నా "జంగిల్ బాగుంటుంది" అన్నా వినేవాడికి ఒకే బొమ్మ కనపడుతుంది. కానీ కొన్ని చోట్ల ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. ఫారెస్టు డిపార్టుమెంటు ఉంది గానీ జంగిల్ డిపార్టుమెంటు లేదు. రిజర్వ్ ఫారెస్టు ఉంది, రిజర్వ్ జంగిల్ లేదు. అదే సిటీని తిట్టాలంటే కాంక్రీట్ జంగిల్ అంటాం, కాంక్రీట్ ఫారెస్టు అనం. బలమున్నవాడిదే రాజ్యం అని చెప్పడానికి "లా ఆఫ్ ది జంగిల్" అంటారు. ఫారెస్టు లా అంటే మాత్రం సెక్షన్లున్న పుస్తకం! అంటే ఒకదాంట్లో చట్టం ఉంది, ఇంకోదాంట్లో లేదు. మన చెవికి ఈ తేడా తెలుసు, నోటికే తెలీదు.

ఇది ఊరికే వచ్చిన తేడా కాదు. ఫారెస్టు అనే మాట పుట్టుక గురించి ఎక్కువమంది చెప్పేదేంటంటే, లాటిన్లో "బయట" అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని. ఊరి కంచెకి బయట, మామూలు చట్టానికి బయట, రాజుగారు వేటాడుకోవడానికి విడిగా పెట్టుకున్న నేల. 11వ శతాబ్దంలో ఇంగ్లండుని గెలిచిన విలియం రాజు "న్యూ ఫారెస్టు" అని ఒకటి పెట్టాడు. కొత్తగా చెట్లు నాటలేదండీ, కొత్తగా గీత గీశాడు. అందులో చెట్లే లేని బీడు కూడా బోలెడుంది. ఆ గీత లోపల ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. వాళ్ళు కట్టె కొట్టినా పందిని మేపినా రాజుగారి అనుమతి కావాలి. గొడవ ఎంత ముదిరిందంటే 1217లో "ఫారెస్టు చార్టర్" అని విడిగా ఒక ఒప్పందం రాసి, మామూలు జనానికి మేతా కట్టే లాంటి హక్కులు కొన్ని తిరిగివ్వాల్సొచ్చింది. కాబట్టి ఫారెస్టుకి మొదటి అర్థం చెట్లు కాదు, హద్దు.

మరి జంగిల్? అది మనదే. సంస్కృతం "జాంగలం" నుంచి హిందీ, ఉర్దూల మీదుగా 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వెళ్ళింది. తమాషా ఏంటంటే జాంగలం అంటే దట్టమైన అడవి కాదు. ఆయుర్వేదంలో నేలని జాంగలమనీ ఆనూపమనీ విడదీస్తారు. ఆనూపం అంటే నీళ్ళూ బురదా ఉన్న నేల. జాంగలం అంటే పొడిగా, గాలాడుతూ, అక్కడక్కడా ముళ్ళచెట్లుండే నేల. అంటే లేళ్ళు తిరిగే బీడు. అది ఇంగ్లీషు వాళ్ళ చేతిలో పడి, దారి దొరకని చిక్కటి పచ్చదనం అయి కూర్చుంది. నిజానికి కంచ గచ్చిబౌలి లాంటి రాళ్ళూ పొదలూ ఉన్న నేలే అసలు జాంగలం. మా లీడ్ తెలీకుండానే కరెక్టు మాట వాడాడన్నమాట :)

మన "అరణ్యం" కూడా తక్కువది కాదు. పరాయిది, దూరానిది అనే అర్థమున్న "అరణ" నుంచి వచ్చిందంటారు. గ్రామం కానిది అరణ్యం. అక్కడ లాటిన్ వాడూ ఇక్కడ సంస్కృతం వాడూ ఊళ్ళో కూర్చుని బయటికి చూసి పేరు పెట్టారు. లోపలున్నవాణ్ణి ఎవరూ అడగలేదు.

మన ఫీల్డు వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే యాక్టివ్ డైరెక్టరీ గుర్తు తెచ్చుకోండి. అందులో ఫారెస్టు అంటే ఏంటి? సెక్యూరిటీ బౌండరీ. లోపల ఒకే ఒక్క డొమైన్ ఉన్నా అది ఫారెస్టే. ఎన్ని చెట్లున్నాయన్నది కాదు, ఎవరి పర్మిషన్లు ఎక్కడిదాకా నడుస్తాయన్నదే లెక్క. ఆ పేరు పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గానీ, విలియం రాజుగారి అర్థానికి అచ్చంగా సరిపోయింది.

సరే, ఇప్పుడు మా వైపుకి వద్దాం.

మాది పాల్వంచకీ బూర్గంపాడుకీ మధ్య ఒక ఊరు. గోదావరికి ఇవతల. అవతల భద్రాచలం. మా నాయనమ్మది పాల్వంచ వైపు, అమ్మమ్మది దుమ్ముగూడెం వైపు. చిన్నప్పుడు నాకొక వింత ఉండేది. ఖాకీ బట్టలేసుకుని సైకిల్ మీద వచ్చే ఆయన్ని చూసి మా నాయనమ్మ "జంగ్లాతోళ్ళు వచ్చిన్రు" అనేది. సెలవులకి అమ్మమ్మ ఊరెళ్తే అక్కడ అదే ఖాకీ బట్టలాయన్ని "ఫారెస్టోళ్ళు వచ్చారు" అనేవాళ్ళు. నేను రెండు వేర్వేరు ఉద్యోగాలనుకునేవాణ్ణి.

పెద్దయ్యాక చరిత్ర చదివితే అర్థమైంది. గోదావరికి ఇవతల నిజాం రాజ్యం. అక్కడ సర్కారు భాష ఉర్దూ, కాబట్టి అడవుల శాఖ పేరు జంగలాత్. అవతల భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషు వాళ్ళకి పోయాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్ కింద, 1874 నుంచి మద్రాసు కింద గోదావరి జిల్లాలో. అక్కడ సర్కారు భాష ఇంగ్లీషు, కాబట్టి ఫారెస్టు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్ళు ఆంధ్రకి వెళ్ళాయి, గుడి ఉన్న భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో ఇవతలంతా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. 2022లో అవతల కూనవరం, చింతూరు వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. అడవి మాత్రం కదలకుండా అక్కడే ఉంది. దాని మీద గీతలే ఇటూ అటూ కదులుతూ ఉన్నాయి.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. ఇవతలివాళ్ళు ఖాకీ బట్టలకి "జంగ్లాత్" అన్నారు. అవతలివాళ్ళు "ఫారెస్టు" అన్నారు. కానీ కట్టెలకీ, తునికాకుకీ, ఇప్పపువ్వుకీ వెళ్ళేటప్పుడు మాత్రం ఇద్దరూ "అడవికి పోతున్నాం" అనే అన్నారు. "ఫారెస్టుకి పోతున్నాం" అని మా అమ్మమ్మ ఒక్కసారి కూడా అనగా నేను వినలేదు. అంటే ఏ డిక్షనరీ చూడకుండానే మా వాళ్ళు లెక్క తేల్చేశారు. పరాయి మాట సర్కారుకి, సొంత మాట చెట్లకి. జంగిల్ అనేది పుట్టుకలో ఎంత మన మాటైనా, సర్కారు ముద్ర పడగానే అదీ ఖాకీ మాటే అయిపోయింది.

మరి "తెలుగులో రెండూ అడవే కదా" అన్న మా వాడి మాట తప్పు. మన ప్రభుత్వం వాళ్ళూ, పేపర్ల వాళ్ళూ, మన చదువుకున్నవాళ్ళమూ రెండిటినీ "అడవి" అని అనువాదం చేసి కలిపేశాం. ఊళ్ళో వాళ్ళు కలపలేదు.

కలిపితే ఏమవుతుంది అంటారా? ఇక్కడే అసలు పేచీ.

మద్రాసు వాళ్ళు రాకముందు రేకపల్లి వైపు పోడుకి గొడ్డలికి ఇంత అని చిన్న పన్ను ఉండేది. 1874 తర్వాత దాన్ని బాగా పెంచారు. కొన్ని చోట్ల పోడు కొట్టడమే వద్దన్నారు. 1879లో రంప తిరుగుబాటు ఈ వైపు పాకడానికి అదొక కారణం. 1882లో మద్రాసు ఫారెస్టు చట్టం వచ్చింది. తర్వాత 1927 చట్టం. ఈ 1927 చట్టంలో గానీ, 1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టంలో గానీ "ఫారెస్టు అంటే ఇదీ" అనే నిర్వచనం పెట్టలేదు. వేరియబుల్ డిక్లేర్ చేయకుండా ప్రోగ్రామంతా వాడేసినట్టు! ఎవరికి ఎలా కావాలంటే అలా కంపైల్ అయింది.

చివరికి 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది... ఫారెస్టు అనే మాటని డిక్షనరీలో ఉన్న అర్థంతోనే తీసుకోండి అని. దాంతో పాటు, ప్రభుత్వ రికార్డుల్లో ఫారెస్టని ఉన్న నేలంతా, సొంతదారు ఎవరైనా సరే, 1980 చట్టం కిందికి వస్తుందని కూడా చెప్పింది. అంటే రెండు తలుపులు. ఒకటి కంటికి కనపడేది, ఒకటి కాగితంలో ఉన్నది. రెండిట్లో ఏది నిజమైనా ఫారెస్టే. మన భాషలో చెప్పాలంటే "ఆర్" కండిషన్.

ఇంతటితో అయిపోలేదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకి ఇంకో లెక్క. ఒక హెక్టారుకి మించిన నేలలో చెట్ల గొడుగు 10 శాతానికి మించి ఉంటే అది "ఫారెస్ట్ కవర్". నేల ఎవరిదైనా, చట్టంలో దాని హోదా ఏదైనా, చెట్టు ఏదైనా. ఇది ఉపగ్రహం కంటితో చూసేది. మా వైపు ఇది చూస్తే భలే ఉంటుంది. సారపాక పేపర్ మిల్లు పుణ్యమా అని చుట్టుపక్కల జామాయిల్ తోటలు ఎకరాలకి ఎకరాలు. నాలుగైదేళ్ళకి నరికి లారీకెత్తే పంట అది. పైనుంచి చూస్తే అదీ ఫారెస్ట్ కవరే! పక్కనే ఒక కోయ రైతు ముప్ఫై ఏళ్ళుగా కంది, జొన్న వేస్తున్న చేను, మధ్యలో రెండే ఇప్పచెట్లు. కాగితంలో అది రిజర్వు. అంటే చెట్లున్న రైతు తోట చట్టానికి ఫారెస్టు కాదు, చెట్లు లేని చేను ఫారెస్టు. చేను దున్నేవాడు ఆక్రమణదారుడు.

ఇప్పుడు నా తప్పు సంగతి.

నాతో పాటు హైస్కూల్లో చదివిన కోయ దోస్తు ఒకడున్నాడు. వాళ్ళ నాన్నని నేను బాబాయ్ అనేవాణ్ణి. వాళ్ళకి గుట్ట కింద మూడెకరాల పోడు చేను ఉంది. మా చిన్నతనం నుంచీ చూస్తున్నాను. అక్కడ కందికాయలు కాల్చుకుని తిన్నాం, మంచె మీద పడుకున్నాం. నా కంటికి అది ఎప్పుడూ చేనే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులు దరఖాస్తు పెట్టుకుంటే, నాలుగు హెక్టార్ల దాకా హక్కు పత్రం ఇస్తారు. మా వైపు దాన్ని ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అంటారు. 2008లో నేను దసరాకి ఇంటికెళ్ళినప్పుడు మా వాడు ఫారం తీసుకొచ్చాడు. "నువ్వు ఇంజినీరువి కదరా, కాస్త మంచిగ రాసిపెట్టు" అన్నాడు.

మంచిగా రాశాను. ఫారంలో అడిగినవి నింపి ఊరుకోకుండా, నా తెలివితేటలన్నీ పెట్టి ఇంగ్లీషులో ఒక ఉత్తరం జత చేశాను. ఈ నేల అసలు ఫారెస్టే కాదని, ఇక్కడ చెట్లు లేవని, తరాలుగా ఇది వ్యవసాయ భూమేనని, దీన్ని ఫారెస్టు అనడమే అన్యాయమని... ఘాటుగా రాశాను. చదువుకుని నేనే మురిసిపోయాను. బాబాయ్‌కి కూడా చెప్పాను, "ఎవరైనా వచ్చి అడిగితే ఇది ఫారెస్టు కాదనే చెప్పు బాబాయ్" అని. ఆయన నవ్వాడు. "జనమంతా అదేగా చెప్పింది. ఇంకోటి ఎప్పుడు చెప్పినం" అన్నాడు.

కొన్ని నెలలకి కాగితం తిరిగొచ్చింది. దాని మీద రాసింది ఒకటే. దరఖాస్తుదారే ఇది అటవీ భూమి కాదంటున్నాడు, అటవీ భూమి కాకపోతే ఈ చట్టం వర్తించదు.

చూడండి, అందులో తప్పేముంది? లాజిక్ కరెక్టే. ఆ చట్టం పనిచేసేదే అటవీ భూమి మీద. ఇన్‌పుట్ నేనే తప్పు ఇచ్చాను. ఆ రాసినాయన్ని నేను ఏమీ అనలేను.

మా వాడు ఫోన్ చేశాడు. నేను అప్పటికి ఆన్‌సైట్ హడావిడిలో ఉన్నాను. "మళ్ళీ పెడదాం లేరా, నేను వచ్చాక రాస్తా" అన్నాను. రెండేళ్ళు రాలేదు. వచ్చాక కూడా ఒకటి రెండు సార్లు అనుకుని వదిలేశాం. నాకు అది ఒక పెండింగ్ టికెట్. వాళ్ళకి అది భూమి.

నేను తిరిగొచ్చాక ఒకసారి బాబాయ్ దగ్గర కూర్చుని, జరిగిన పొరపాటు వివరించాను. అంటే ఫారెస్టు కాదని రాయకూడదు బాబాయ్, ఫారెస్టే అని ఒప్పుకోవాలి, అప్పుడే పట్టా ఇస్తారు అని. ఆయన లేచి లోపలికెళ్ళి ట్రంకు పెట్టె అడుగు నుంచి మడతలు పడ్డ ఒక రసీదు తీసుకొచ్చాడు. ఫారెస్టు ఆక్రమించినందుకు 1990ల్లో కట్టిన జరిమానా రసీదు. సిగ్గుతో ఎవరికీ చూపించకుండా దాచాడట. నేను దాన్ని చూసి ఎగిరి గంతేశాను. ఎందుకంటే 2005కి ముందు నుంచి ఆయన ఆ నేల మీద ఉన్నాడనడానికి సర్కారే ఇచ్చిన సాక్ష్యం అది!

ఆయన మాత్రం సంతోషపడలేదు. రసీదు చేతిలో పట్టుకుని అడిగాడు. "అయితే అబ్బాయ్... అప్పుడు ఫారెస్టు అంటే జుర్మానా. ఇప్పుడు ఫారెస్టు అంటేనే పట్టా. మరి నా చేను ఎప్పటికి చేనయిద్ది?"

నా దగ్గర సమాధానం లేదు. ఉన్న సమాధానం చెప్పడానికి నోరు రాలేదు. హక్కు పత్రం వచ్చినా ఆ నేల అటవీ భూమే. పిల్లలకి వస్తుంది గానీ అమ్ముకోవడానికి లేదు. రికార్డులో ఆ కాలమ్ మారదు. అది మంచికేనని నేనూ నమ్ముతాను, లేకపోతే బయటివాళ్ళు ఎప్పుడో కొనేసేవాళ్ళు. కానీ ఆయన అడిగింది పట్టా గురించి కాదు, మాట గురించి.

2021 నవంబర్‌లో తెలంగాణలో మళ్ళీ దరఖాస్తులు తీసుకున్నారు. 2023 జూన్ 30 నుంచి పట్టాలు పంచారు. సుమారు లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకి పైగా. మా వాడికీ వచ్చింది. ఈసారి దరఖాస్తు వాడే నింపుకున్నాడు, ఉత్తరాలేమీ జత చేయకుండా, రసీదు జత చేసి. బాబాయ్ 2016లోనే పోయాడు. నా ఒక్క పేరా ఖరీదు పదిహేనేళ్ళు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇదంతా చదివి నేను పోడు వైపు లాయరునని అనుకోకండి. రెండో వైపు కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు ఊరి దాటగానే మొదలయ్యే టేకు చెట్లు ఇప్పుడు లేవు. 2005 తర్వాత పోయింది అంతా పాత పోడు కాదు. పట్టా వస్తుందన్న ఆశతో కొత్తగా కొట్టింది ఉంది, గిరిజనుల పేరుతో వేరేవాళ్ళు కొట్టించింది ఉంది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన దాడిలో రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాడి చేసింది ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయలు. వాళ్ళకీ ఇక్కడ కాగితం లేదు. ఆయన కాపాడుతున్నది ఫారెస్టు మాత్రమే కాదు, అడవి కూడా. ఆయన కుటుంబం ముందు నిలబడి "అది ఉత్త హద్దు గీత" అని చెప్పే ధైర్యం నాకు లేదు.

అందుకే నేననేది ఒక వైపు తీసుకోమని కాదు. రెండు ప్రశ్నల్ని ఒకటి చేయొద్దని.

మళ్ళీ మా లంచ్ టేబుల్‌కి వద్దాం. కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం ఏమంది? రికార్డుల్లో ఇది ఎప్పుడూ ఫారెస్టు కాదంది. విద్యార్థులూ, మన ఐటీ వాళ్ళూ ఏమన్నారు? రికార్డు కాదు, కళ్ళతో చూడండి, డిక్షనరీ అర్థం చూడండి అన్నారు. నేనూ అన్నాను. స్టేటస్ కూడా పెట్టాను. బాగానే ఉంది. కానీ అదే మనం భద్రాచలం వైపు పోడు గొడవ టీవీలో వస్తే ఏమంటాం? "ఫారెస్టు ల్యాండు ఆక్రమించారు, రికార్డు క్లియర్‌గా ఉంది కదా" అంటాం. అక్కడ కళ్ళతో చూడమని ఎవరమైనా అన్నామా? మన ఆఫీసు పక్కన డిక్షనరీ, వాళ్ళ చేను దగ్గర రికార్డు. మనకి నచ్చినప్పుడు జంగిల్, నచ్చనప్పుడు ఫారెస్టు. ప్రభుత్వం చేసేదీ ఇదే, కాకపోతే తిరగేసి. గచ్చిబౌలిలో రికార్డు లేదు కాబట్టి చెట్లు లెక్కలోకి రావు. గుట్ట కింద చెట్లు లేకపోయినా రికార్డుంది కాబట్టి చేను లెక్కలోకి రాదు.

ఢిల్లీలోనూ ఇదే లాగుడు. 2023లో 1980 చట్టాన్ని సవరించి, నోటిఫై అయినవీ రికార్డుల్లో ఉన్నవీ మాత్రమే ఫారెస్టు అన్నట్టు కుదించారు. చట్టం పేరు కూడా హిందీలోకి మార్చి "వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్" అన్నారు. ఫారెస్టు పోయి వన్ వచ్చింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, ప్రస్తుతానికి 1996 నాటి డిక్షనరీ అర్థాన్నే పాటించమంది. ఏ భాషలో పేరు పెట్టినా అదే రెండు తలుపుల దగ్గర ఆగాల్సొచ్చింది.

నా అభిప్రాయం చిన్నదే. డేటాబేస్‌లో ఒకే కాలమ్‌లో రెండు అర్థాలు కుక్కితే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. మొదటి రోజు పని సులువు, ఆ తర్వాత జీవితాంతం బగ్గులు. విడగొట్టాలి. "ఇక్కడ అడవి ఉందా?" అనేది ఒక ప్రశ్న. దానికి జవాబు కళ్ళతో చూసి చెప్పాలి. "ఇది ఫారెస్టా?" అనేది రెండో ప్రశ్న. దానికి జవాబు కాగితం చూసి చెప్పాలి. ఇంకా మూడోదొకటుంది. "ఇక్కడ ఎవరు బతుకుతున్నారు, ఎప్పటి నుంచి?" దానికి జవాబు ఊరివాళ్ళని అడిగి చెప్పాలి. 2006 చట్టం గ్రామసభకి మొదటి పాత్ర ఇచ్చింది అందుకే. మూడిటికీ మూడు జవాబులు రాసుకున్నాక ఏం చేయాలో మాట్లాడుకోవచ్చు, దెబ్బలాడుకోవచ్చు. ఒకదానికి జవాబు తెచ్చి ఇంకొకదానికి అంటించకూడదు. నేను 2008లో చేసింది సరిగ్గా అదే. "ఇది ఫారెస్టా?" అని కాగితం అడిగితే, "ఇక్కడ అడవి లేదు" అని నా కళ్ళు చెప్పింది రాశాను.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో మనవి. "అటవీ భూమి" అని రాసేటప్పుడు అది చెట్లున్న భూమా, రికార్డులో ఫారెస్టని ఉన్న భూమా ఒక్క ముక్క కలిపి రాయండి. రికార్డు సంగతైతే "ఫారెస్టు" అనో "రిజర్వు" అనో రాసినా నష్టం లేదు. ఇంగ్లీషు మాట అని సిగ్గుపడక్కర్లేదు. మా అమ్మమ్మ ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ మాటని సర్కారుకి వదిలేసి, అడవిని తన దగ్గర పెట్టుకుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా వాడితో చేనుకి వెళ్ళాను. పట్టా కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి తగిలించాడు. కంది బాగానే కాసింది. గట్టు మీద ఇప్పచెట్లు రెండూ అలాగే ఉన్నాయి, బాబాయ్ కొట్టనివ్వలేదు. చేనుకి అటువైపు కొత్తగా నాటిన ఒక తెల్లరాయి ఉంది. "ఇదేంటిరా?" అన్నాను.

"ఇక్కడిదాకా మనది. అక్కడి నుంచి ఫారెస్టు" అన్నాడు.

"ఇదీ ఫారెస్టేగా, కాగితంలో."

వాడు నవ్వాడు. "కాగితంలో. నువ్వు మళ్ళీ ఏం రాయమాకు" అన్నాడు.

రాయనని మాటిచ్చాను. దరఖాస్తులు రాయనని మాత్రమే. ఇది రాశాను.

మీ వైపు ఖాకీ బట్టల వాళ్ళని ఏమంటారు? ఆదిలాబాద్ వైపు జంగ్లాత్ అంటారని విన్నాను. శ్రీకాకుళం, చిత్తూరు వైపు ఏమంటారో, అడవికి వేరే మాట ఉందో లేదో తెలిసినవాళ్ళు చెప్పండి.